మూడు చరణాల తర్వాత

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
అక్టోబర్ 2, 1983

ప్రేమా,

వందనాలూ, క్షేమ సమాచారాలూ తర్వాత. ముందు నీ మొగుడి సంగతి తేల్చు.

నిన్న పోస్టులో మీ డాలస్ తెలుగు ఫెలోషిప్ వాళ్ళ పాంప్లెట్ వచ్చింది. ‘ముప్పై అయిదేళ్ళుగా మన క్రిస్మస్‌ని వెలిగిస్తున్న పాట, ఎవరు తీసిరే తలుపు, ఇప్పుడు కొత్త కేసెట్‌గా’ అని పైన ఉంది. మధ్యలో మీ మావయ్యగారి ఫోటో. ఫోటో కింద ‘రచన, స్వరకల్పన: కీర్తిశేషులు దైవాశీర్వాదం మాస్టారు.’ అన్నిటికంటే కింద నీ మొగుడి పేరు, ‘సమర్పణ: కుమారుడు సామ్యూల్.’

చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. డ్యూటీకి వెళ్ళాలని కారు తీశాను గానీ, ఫ్రీవే ఎక్కాల్సిన చోట ఎక్కకుండా రెండు మైళ్ళు ముందుకి పోయాను.

ఆ పాట కట్టింది మా అమ్మ. నీకు తెలియని సంగతి కాదు. మరిచిపోయినట్టున్నావు కాబట్టి మళ్ళీ మొదటినుంచీ చెప్తాను, విను. రేవుపాలెం మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పురుళ్ళు పోసిన సువార్తమ్మ, 1941 డిసెంబరులో, కాన్పుల వార్డులో గుడ్డలు ఉతుకుతూ కట్టిన పాట అది. హాస్టల్లో నీ మంచం నా మంచం పక్కనే. ఆదివారాలు మా అమ్మ అరిసెలు పట్టుకొచ్చి, మనకి తల దువ్వుతూ ఆ పాట పాడేది. అరిసెలు గుర్తున్నాయా? అవైనా గుర్తున్నాయా?

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది కదా. పాంప్లెట్ చూసింది. కళ్ళజోడు పెట్టుకుని మీ మావయ్యగారి ఫోటోని చాలాసేపు చూసి, “దైవాశీర్వాదం ముసలాడైపోయాడు పాపం” అంది. ఆ తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కిచెన్‌లో ఊగిపోతున్న టేబుల్ కాలు కింద దోపింది. టేబుల్ ఇప్పుడు ఊగడం లేదు. అమ్మ మాట్లాడడం లేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి నోరు మూసుకుని గిన్నెలు తోముతుంటే ఇంట్లో ఎలా ఉంటుందో నీకేం తెలుస్తుంది!

కేసెట్లు అచ్చవ్వకముందే పేరు మార్పించు. నాకు కావలసింది అదొక్కటే. అమ్మ బతికుండగా, ఆమె పాట మీద ఆమె పేరు చూడాలి.

దెబోరా


రిచర్డ్‌సన్, టెక్సస్
అక్టోబర్ 15, 1983

ప్రియమైన దెబోరాకు,

ప్రభువు కృపవల్ల మేమంతా బాగున్నాం. మోహన్ గారు, అమ్మాయి విద్య, పిన్నిగారు కులాసా అని తలుస్తాను. నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. అంత కోపంతో డ్రైవ్ చేయకు తల్లీ, మీ వైపు అప్పుడే మంచు మొదలవుతుంది.

ఈయనతో మాట్లాడాను. ఈయన అబద్ధాలాడే మనిషి కాదు, నీకు తెలుసు. ఈ కేసెట్‌తో పాటు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు, పాట చరిత్ర అంతా రాసి. దాని కోసం ఏడాదిగా పాత రికార్డులన్నీ పోగేస్తున్నారు. 1948లో మద్రాసు వెళ్ళి మావయ్యగారి బృందం మొదటి గ్రామఫోన్ రికార్డు ఇచ్చింది. తర్వాత పదేళ్ళూ ప్రతి క్రిస్మస్‌కీ రేడియోలో అదే రికార్డు. అరవై ఆరులో ఒక కాలేజీ క్వయర్ పైప్ ఆర్గన్ పెట్టి ఎల్పీ చేసింది. నాలుగేళ్ళ కిందట సినిమా వాయులీనాల వాళ్ళతో కేసెట్ వచ్చింది, ఇప్పుడు అందరిళ్ళలో ఉన్నది అదే. అన్నిటి మీదా మావయ్యగారి పేరే ఉందట. పాటల పుస్తకంలో కూడా పాట కింద ఆయన పేరే ఉంది. ముప్పై అయిదేళ్ళలో ఎవరూ కాదనలేదు కదా, ఇప్పుడు కొత్తగా ఏమిటి, అంటారు ఈయన. ప్రూఫ్ ఉంటే పంపమను, చూద్దాం అన్నారు.

పిన్నిగారు ఆ పాట చక్కగా పాడేవారు, నాకు గుర్తుంది. కాని అందరూ పాడేవాళ్ళే కదా. పాట ఎవరు కట్టారో నాకు తెలిసినంతవరకు మనం ఎప్పుడూ అనుకోలేదు.

మావయ్యగారు పోయి ఏడాదిన్నరే అయింది. ఈయన ఇంకా తేరుకోలేదు. అసలు పాట మనిషిది కాదు దెబోరా, దేవునిది. ఎవరి పేరుంటే ఏమిటి?

అరిసెలు మరిచిపోలేదు.

ప్రేమజ్యోతి


ఫార్మింగ్టన్ హిల్స్
అక్టోబర్ 30, 1983

ప్రేమా,

పాట దేవుడిదైతే దేవుడి ఫోటోనే వెయ్యండి. మీ మావయ్యగారి ఫోటో దేనికి?

ప్రూఫ్ అడిగాడు కదా మీ ఆయన. పంపుతున్నాను. అమ్మని మూడు రోజులు బతిమాలి చెప్పించుకున్నాను. ఇదంతా నాకూ ఇన్నాళ్ళూ పూర్తిగా తెలియదు.

ఆ పాటకి చరణాలు మూడు కాదు, నాలుగు. మొదటిది తలుపు తీసిన చెయ్యి ఎవరిదని అడుగుతుంది. రెండోది గడ్డి పరిచిన చెయ్యి. మూడోది దీపం పెట్టిన చెయ్యి. అన్నీ చేతుల గురించే. వార్డులో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చేతులతో పనిచేసే మనిషికి తప్ప ఇంకెవరికి తోస్తుంది అలా? మీ మావయ్యగారు పాటల మాస్టారు, మంచివారు, హార్మోనియం మెట్ల మీద ఆయన వేళ్ళు పరుగెత్తేవి. కాని పశువుల పాకలో గడ్డి ఎవరు పరిచారని ఆయన ఏనాడూ ఆలోచించి ఉండరు. ఆయనకి పక్క కూడా వాళ్ళావిడే వేసేది.

ఇదీ నాలుగో చరణం. అమ్మ చెప్తుంటే రాసుకున్నాను.

బొడ్డు కోసిన చెయ్యి ఎవ్వరిదమ్మా
పురిటి నీళ్ళు కాచినది ఎవ్వరమ్మా
ఏ పుటలో పేరు లేని మంత్రసానమ్మా
ఏలికయ్య తొలి ఏడుపు నీ చేతిలోనమ్మా

మళ్ళీ చదువు. నేను చదివి సింక్ దగ్గర నిలబడి ఏడ్చాను. పదకొండేళ్ళుగా డెట్రాయిట్‌లో లేబర్ వార్డులో చేస్తున్నాను. ఎన్ని వందల మంది పిల్లలు నా చేతుల్లో మొదటిసారి ఏడ్చారో లెక్కలేదు. ఇలాంటి మాట నాకెప్పుడూ తోచలేదు.

మద్రాసు నుంచి తిరిగొచ్చాక మీ మావయ్యగారు అమ్మతో అన్నారట, “రికార్డు మూడు నిమిషాల చిల్లరే తిరుగుతుంది సువార్తమ్మా, నాలుగో చరణానికి చోటు చాల్లేదు” అని. అమ్మ సరేనంది. ఆ తర్వాత పాటల పుస్తకం వాళ్ళు రికార్డు విని రాసుకున్నారు. రికార్డులో మూడే ఉన్నాయి కాబట్టి పుస్తకంలోనూ మూడే. పుస్తకంలో మూడే ఉన్నాయి కాబట్టి ప్రపంచంలోనూ మూడే.

పాడి వినిపించమ్మా, టేప్ చేసి ప్రేమకి పంపుతాను అంటే మాత్రం ససేమిరా అంది. “దాని వరస వేరే. మొదటి మూడింటిలా ఉండదు. పైకెళ్తుంది. నా గొంతు ఇప్పుడు అక్కడిదాకా వెళ్ళదు” అంటుంది. సినిమా వాయులీనాల కేసెట్ మా ఇంట్లోనూ ఉంది. అది పెడితే వింటుంది. పాటంతా అయిపోయి, ఆఖర్న ఆ ఉత్త వాయింపు వస్తుంది చూడు, అప్పుడు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతుంది. చిన్నప్పుడు రేడియో ముందు కూడా అంతే చేసేది. ఏం ప్రార్థన చేసుకుంటుందో!

మీ ఆయనకి ఈ చరణం చూపించు. ఇది తన నాన్న రాశాడని నా మొహం మీద అనమను.

దెబోరా


రిచర్డ్‌సన్
నవంబర్ 12, 1983

దెబోరాకు,

నీ ఉత్తరం ఈయన కూడా చదివారు. మావయ్యగారి పక్క గురించి రాసిన మాటకి చాలా నొచ్చుకున్నారు. చనిపోయినవారి గురించి అలా రాయకూడదు.

ఒక చరణం ఎవరైనా ఎప్పుడైనా రాసి చేర్చవచ్చునని, అది ప్రూఫ్ కాదని చెప్పమన్నారు. కేసెట్లు అయిదు వందలూ తయారై వచ్చేశాయి. హాల్లో అట్టపెట్టెల్లో ఉన్నాయి.

ఈ విషయం ఇంక రాయవద్దు. వేరే సంగతులుంటే రాయి.

ప్రేమజ్యోతి


ఫార్మింగ్టన్ హిల్స్
నవంబర్ 21, 1983

ప్రేమా,

వేరే సంగతులు రాయమన్నావు. రాస్తున్నాను.

సంగతి ఒకటి: మంచు పడింది. సంగతి రెండు: మోహన్‌కి కంపెనీలో ప్రమోషన్ వచ్చింది. సంగతి మూడు: డిసెంబర్ 18న మా తెలుగు సంఘం క్రిస్మస్ ప్రోగ్రామ్. ఇరవై అయిదు ఆదివారమే వచ్చింది కదా, ఆ రోజు చర్చి అమెరికన్ల చేతిలో ఉంటుంది. మాకు వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలే ఇస్తారు, అదీ వాళ్ళ కుర్చీలు వాళ్ళ వరసలో పెట్టి వెళ్ళిపోయే షరతు మీద. ఆ ప్రోగ్రామ్‌లో నాలుగు చరణాలూ పాడతానని కమిటీలో లేచి చెప్పాను.

సెక్రటరీ జగన్మోహన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన అలా తుడుచుకున్నారంటే కాదని అర్థం. “సిస్టర్, పుస్తకంలో లేని మాటలు ఆరాధనలో ఎలా పాడతాం? పైగా ఆ బొడ్డు, పురిటి నీళ్ళు... పిల్లలుంటారు, వైట్ గెస్ట్స్ ఉంటారు” అన్నారు. వైట్ గెస్టులకి తెలుగు ఎప్పుడొచ్చిందో!

అమ్మ నా పక్కనే కూర్చుంది. పాంప్లెట్ వచ్చాక నలుగురిలో నోరు విప్పడం అదే మొదలు.

“ఏం బాబూ, మీది రేవుపాలెం పక్క పల్లే గదా. నలభై రెండులో, తుపాను మర్నాడు పుట్టావు. కాళ్ళు ముందొచ్చినియ్యి. మీయమ్మ బతకదనుకున్నాం. ఆ మాట గుళ్ళో అనగూడదంటన్నావు గానీ, నీ బొడ్డు కోసింది నేనేనయ్యా. కొయ్యకపోతే ఈయాల కమిటీలో ఎట్టా కూసునేవోడివి?”

గదిలో ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. జగన్మోహన్ గారి భార్య మీనా మాత్రం దాచుకోకుండా పకపకా నవ్వేసింది. అయినా ఓటుకి పెడితే మగాళ్ళు ఎక్కువమంది. మూడు చరణాలే అని రాసుకున్నారు. హార్మోనియం నేనే వాయించాలట, ఇంకెవరికీ రాదు కాబట్టి.

కారులో వస్తుంటే అమ్మ ఒక మాట చెప్పింది. రికార్డులో చోటు చాలలేదన్న మాట మీద ఆమెకి ఎప్పుడూ నమ్మకం లేదట. ఇదే మాట, ‘గుళ్ళో అనకూడనిది’ అన్న మాట, అప్పుడు కూడా చెవిన పడిందట. “ఎవరన్నారమ్మా?” అంటే అద్దంలోంచి మంచు చూస్తూ కూర్చుంది.

నీ ఇష్టం వచ్చినట్టు కోప్పడు ప్రేమా. నేను ఊరుకోను. పద్దెనిమిదిన హార్మోనియం నా చేతుల్లో ఉంటుంది. ఏం చేస్తానో నాకే తెలియదు గానీ, చేతులు ముడుచుకుని మాత్రం కూర్చోను.

దెబోరా


రిచర్డ్‌సన్
డిసెంబర్ 5, 1983

దెబోరా,

ఈ ఉత్తరం ఆఫీస్ లంచ్ అవర్‌లో రాస్తున్నాను. ఇంట్లో రాయలేక కాదు. ఇంట్లో రాస్తే మళ్ళీ చింపేస్తానని భయం.

మొదట చూసింది చెప్తాను, తర్వాత చేసింది చెప్తాను.

మా పక్కింటి ముసలాయన దగ్గర పాత రికార్డులు తిరిగే ప్లేయర్ ఉంది. ఈయన ఆస్టిన్ వెళ్ళిన రోజున 1948 రికార్డు తీసుకుని అక్కడికి వెళ్ళాను. ముందు లేబుల్ చదివాను. ‘దైవాశీర్వాదం, బృందం’ అని ఉంది. అంతే. పాడినవాళ్ళ పేరు అది. రచన అన్న మాటే దాని మీద లేదు. పుస్తకం వాళ్ళు ఆ పేరు తీసుకెళ్ళి పాట కింద పెట్టేశారు. ఆ తర్వాత అందరూ పుస్తకం చూసే వేశారు.

వాళ్ళ అవెన్ టైమర్ పట్టుకుని రికార్డు పెట్టాను. మూడు చరణాలూ రెండు నిమిషాల ఇరవై సెకన్లలో అయిపోయాయి. ఆ తర్వాత ఉత్త హార్మోనియం యాభై సెకన్లు మోగింది. నాలుగో చరణానికి చోటు లేకపోవడమేమిటి? చోటు ఉంది దెబోరా. ఆ చోటులో హార్మోనియం ఉంది.

నేను ఆ యాభై సెకన్లూ నువ్వు పంపిన చరణం కాగితం మీద వేలు పెట్టి విన్నాను. మాటకి మాట సరిపోయింది. పైకెళ్ళే చోట వరస పైకి వెళ్ళింది.

ఇది నాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. అదీ నేను చేసిన పని. పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో, చెయ్యి వణుకుతోందని, మావయ్యగారు నా చేత పిన్నిగారికి ఒక ఉత్తరం రాయించారు. పోస్ట్ చేయమని నా చేతిలో పెట్టారు. ఈయన చూసి, “నాన్న మనసు బాగాలేదు, ఇప్పుడెందుకు ఇవన్నీ, తర్వాత చూద్దాం” అన్నారు. ఏప్రిల్‌లో మావయ్యగారు పోయారు. ఆయన అన్న ఆ ‘తర్వాత’ ఇంక రాలేదు. ఉత్తరం నా చీరల కింద ఉంది. ‘నాకు తెలిసినంతవరకు’ అని నీకు రాసిన రోజున కూడా అక్కడే ఉంది. కవరు మీద నీ అడ్రసు నా చేతిరాతలోనే ఉంది.

నేను పిరికిదాన్ని. ఇంట్లో గొడవ ఎందుకని ఊరుకున్నాను. పాట దేవునిది అని నీకు సుద్దులు చెప్పాను. నా మొహం నాకే చూసుకోబుద్ధి కావడం లేదు.

ఉత్తరం ఇందులో పెడుతున్నాను. పిన్నిగారికి చదివి వినిపించు. నేను పంపానని ఈయనకి ఈ సాయంత్రమే చెప్తాను. నువ్వు నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, కాని పద్దెనిమిది అయ్యాక తిట్టు. ముందు ఆ పని చూడు.

నీ ప్రేమ


రిచర్డ్‌సన్, టెక్సస్
ఫిబ్రవరి 9, 1982

సహోదరి సువార్తమ్మ గారికి,

దైవాశీర్వాదం వందనాలతో రాయిస్తున్నది. చెయ్యి స్వాధీనంలో లేదు, కోడలు రాస్తోంది.

మీతో ఒక అబద్ధం ఆడాను. రికార్డులో చోటు చాలదన్నది అబద్ధం. మద్రాసు బయల్దేరే ముందు మన పెద్దలు నన్ను పిలిచి, నాలుగో చరణం గుడిలో పలకదగినది కాదు, అది పాడితే బృందాన్ని పంపం అన్నారు. నేను వాళ్ళకి ఎదురు చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. మీరు భయపడేవారు కాదు. అందుకే మీతో నిజం చెప్పడానికి కూడా భయపడ్డాను.

మాటలు తీసేశాను గాని వరస తీసెయ్యడానికి నా చేతులు ఒప్పుకోలేదు. మూడు చరణాలయ్యాక నాలుగోదాన్ని హార్మోనియం మీద పూర్తిగా వాయించాను. పెద్దలు అది ముగింపు సంగీతం అనుకున్నారు. బాగుందని మెచ్చుకున్నారు కూడా. తర్వాత పాడిన ప్రతివాళ్ళూ అది పాటలో భాగమేనని అలాగే వాయిస్తూ వస్తున్నారు. ఆర్గన్ మీద, పిల్లనగ్రోవి మీద, వాయులీనాల మీద మీ చరణం మోగుతూనే ఉంది. వాయించేవాళ్ళకి తెలియదు.

పుస్తకంలో నా పేరు పడినప్పుడు దిద్దమని ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. పేరు తియ్యగా ఉంది. అది నా రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది.

క్షమించమని అడగను. మీరు అడిగించుకునే మనిషి కారు. పాట మీది. అది నా నోటితో చెప్పి పోవాలని రాయించాను.

దైవాశీర్వాదం


ఫార్మింగ్టన్ హిల్స్
డిసెంబర్ 19, 1983

ప్రేమా,

తిట్టడం వాయిదా వేశాను. ఎందుకంటే నిన్న జరిగింది ముందు నీకే చెప్పాలి.

నీ కవరు పోయిన శుక్రవారం అందింది. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని మాస్టారి ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివాను. చేతిలో పని ఆపకుండా వింది. అయిపోయాక, “కోడలి దస్తూరీ బావుంది” అంది.

“అమ్మా, ఆ ముగింపు వాయింపే నీ చరణమట. విన్నావా?” అన్నాను.

“నాకు తెలవదనుకున్నావా?” అంది. “డాక్టరమ్మ వార్డు వరండాలో గ్రామఫోను పెట్టిన రోజునే తెలిసింది. నా బిడ్డని నేను గుర్తుపట్టనా?”

ప్రార్థన కాదు ప్రేమా! ముప్పై అయిదేళ్ళుగా, ఆ వాయింపు వచ్చినప్పుడల్లా, పెదాలు కదిపి ఆవిడ పాడుకుంటోంది. రేడియో ముందు, కేసెట్ ముందు, గుళ్ళో అందరి మధ్యా.

“మరి ఎవరితోనూ ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాను.

“చెప్తే అది కూడా కోసేసేవోళ్ళు” అంది.

చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. నలభై రెండేళ్ళదాన్ని. అవతల టీవీ చూస్తున్న విద్య వచ్చి, “వాట్ హ్యాపెండ్, ఎవరు చనిపోయింది?” అంది. ఎవరూ చనిపోలేదే, ఒకళ్ళు లేచారు అన్నాను. దానికి అర్థం కాలేదు, వెళ్ళిపోయింది.

ఇక నిన్నటి సంగతి. ప్రోగ్రామ్ కాగితం జగన్మోహన్ గారే టైప్ చేసి జిరాక్స్ తీయించారు. అందులో ఏడో అంశం: ‘ఎవరు తీసిరే తలుపు, మూడు చరణాలు, ముగింపు సంగీతం.’ చూశావా? ఆయనే రాశారు. ముగింపు సంగీతం వాయించమని కమిటీ తీర్మానం.

మూడు చరణాలూ బుద్ధిగా వాయించాను. జనం పాడారు. అయిపోయిందని కాగితాలు మడుస్తున్నారు, కొందరు కూర్చుంటున్నారు. నేను ముగింపు ఎత్తుకున్నాను. మూడో వరసలో అమ్మ లేచి నిలబడింది. తెల్ల చీర, కింద స్నో బూట్లు. తీసి చెప్పులు వేసుకోమంటే, “బూట్లయితే కాలు జారదు, ఇయ్యే ఉండనీ” అంది.

“బొడ్డు కోసిన చెయ్యి ఎవ్వరిదమ్మా...”

గొంతు పగిలింది. పైకెళ్ళే చోట సగం అందింది, సగం అందలేదు. అందనిచోట కూడా ఆపలేదు. ఆ మాట హాల్లో పడగానే కూర్చుంటున్నవాళ్ళు అలాగే వంగి ఆగిపోయారు. జగన్మోహన్ గారు నా వైపు చెయ్యెత్తి ఆపమన్నారు. నేను మెట్ల వైపు తల దించుకుని తిత్తి ఊదుతూనే ఉన్నాను. యాభై సెకన్లు అన్నావు. అంతే పట్టింది.

అమ్మ ఆగింది. జగన్మోహన్ గారు ఎనిమిదో అంశం చదవబోయారు. నేను మళ్ళీ మొదలుపెట్టాను. ముగింపు సంగీతం ఎన్నిసార్లు వాయించాలో ఆయన కాగితంలో రాయలేదు కదా!

రెండోసారి మీనా లేచింది. మొగుడు చెయ్యి పట్టుకుని లాగితే, “మీరు కూర్చోండి. మీకోసమే పాడుతున్నారావిడ” అంది, అందరికీ వినపడేటట్టు. మా ఆసుపత్రి నర్సులు నలుగురు లేచారు. మూడోసారికి ఆడవాళ్ళంతా నిలబడ్డారు. మాటలు సగం తెలుసు, సగం తెలియవు, ఒకళ్ళ నోరు చూసి ఒకళ్ళు పాడారు. మోహన్ కూడా లేచాడు, కాస్త ఆలస్యంగా. విద్య అమ్మమ్మ పక్కకి వెళ్ళి నిలబడి, ‘మంత్రసానమ్మా’ అని తన అమెరికన్ తెలుగులో ఎలుగెత్తి అరిచింది.

అయ్యాక మీ మావయ్యగారి ఉత్తరం తీసి చదువుదామనుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. “వొద్దు. నా మాట నిజమని చెప్పడానికి నాకు మాస్టారి చీటీ దేనికి? ఇన్నారుగా, చాలు” అంది. సరేనని మడిచి లోపల పెట్టుకున్నాను. మాస్టారి పరువు మీ ఆయన కంటే మా అమ్మే ఎక్కువ కాపాడింది, చెప్పు ఆయనకి.

నిన్ను మాత్రం తిట్టాల్సిందే. రెండేళ్ళు! చీరల కింద! ఇంతకంటే ఏం తిట్టాలో తోచడం లేదు. మిగతాది నువ్వు ఇక్కడికొచ్చినప్పుడు, అరిసెలు పెట్టి తిడతాను.

దెబోరా


రిచర్డ్‌సన్
జనవరి 8, 1984

దెబోరా,

ఈయన నాతో మాట్లాడక పది పన్నెండు రోజులైంది. మాట్లాడకపోతే మానె. నీ ఉత్తరం తీసి భోజనాల బల్ల మీద, ఆయన కంచం పక్కన పెట్టాను. ‘మాస్టారి పరువు’ అన్న చోట రెండుసార్లు చదివారు. అన్నం వదిలేసి లేచి వెళ్ళిపోయారు.

కేసెట్లు నూటముప్పై వెళ్ళిపోయాయి. మిగిలినవి హాల్లోనే ఉన్నాయి. క్రిస్మస్ మర్నాటి నుంచి, ఆఫీస్ నుంచి రాగానే, రోజుకి ఒక పాతిక తీస్తున్నాను. డబ్బా తెరిచి, లోపలి కాగితం మీద ‘రచన’ పక్కన ఉన్న పేరు కొట్టేసి, నల్ల ఇంకుతో ‘రేవుపాలెం సువార్తమ్మ’ అని రాస్తున్నాను. చరణం జిరాక్స్ తీయించి మడిచి లోపల పెడుతున్నాను. దస్తూరీ బావుందన్నారు కదా పిన్నిగారు.

మొదటి రోజు ఈయన వచ్చి, “ఏం చేస్తున్నావు?” అన్నారు. “రెండేళ్ళ కిందట చెయ్యాల్సిన పని” అన్నాను. “నలుగురూ ఏమనుకుంటారు?” అన్నారు. “నలుగురికీ తలా ఒకటి పంపుతున్నాను, చదివి అనుకుంటారు” అన్నాను. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నేను ఆయనకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. చెప్పేసి తర్వాతి డబ్బా తెరిచాను.

నిన్న మాత్రం ఒకటి జరిగింది. నేను వచ్చేసరికి ఆఖరి అట్టపెట్టె హాల్లోంచి బల్ల మీదికి వచ్చి ఉంది. దాన్ని ఎత్తింది నేను కాదు. ఆయన బెడ్‌రూమ్‌లో తలుపు వేసుకుని 1948 రికార్డు టేప్ చేసింది వింటున్నారు. ముగింపు దగ్గరికి రాగానే వెనక్కి తిప్పి మళ్ళీ వింటున్నారు. నేను తలుపు కొట్టలేదు. కూర్చుని రాసుకున్నాను.

పిన్నిగారికి చెప్పు, ఒక కేసెట్ ఆమెకి విడిగా పంపుతున్నాను. ఆమె చేతికి ఇవ్వు.

నీ ప్రేమ


ఫార్మింగ్టన్ హిల్స్
జనవరి 29, 1984

అమ్మాయి ప్రేమజ్యోతికి,

సువార్తమ్మ దీవించి రాసేది. ఇది నా చేత్తోనే రాస్తున్నాను. దెబోరా దిద్దుతానంటే వద్దన్నాను.

కేసెట్టు అందింది. నా పేరు నల్ల ఇంకుతో ఉంది. చూసుకున్నాను. దాని కింద నువ్వు కొట్టేసిన పేరు కూడా కనపడుతోంది. అలాగే ఉండనీ, పూర్తిగా చెరపకు. ఆయన పిరికివాడే గాని వరస తప్పకుండా వాయించాడు. ముప్పై అయిదేళ్ళు నా పాటని మోసింది ఆ హార్మోనియమే. పేరు మాత్రం పాడినవాళ్ళ దగ్గర వెయ్యమను, రాసినవాళ్ళ దగ్గర కాదు.

సామ్యూలు పుట్టినప్పుడు నేను ఆ వార్డులోనే ఉన్నాను. వాడు తొందరగా ఏడవలేదు. తలకిందులుగా పట్టుకుని రెండు దెబ్బలు వేస్తే గాని గొంతు రాలేదు. ఇప్పుడూ అంతే. కాస్త ఆగు, ఏడుస్తాడు. నువ్వు మాత్రం రాయడం ఆపకు.

జగన్మోహన్ నిన్న ఇంటికొచ్చాడు. వచ్చే క్రిస్మస్‌కి కూడా పాడమని ఇప్పుడే అడగడానికి. మూడు చరణాలా, నాలుగా అన్నాను. కళ్ళజోడు తీశాడు. తుడుచుకోకుండా మళ్ళీ పెట్టుకుని, మీ ఇష్టం అన్నాడు.

ఇంకో సంగతి. ఈ మంచులో ఊరికే కూర్చోలేక పాటకి అయిదో చరణం కడుతున్నాను. పురిటి గుడ్డలు ఉతికినవాళ్ళ మీద. పెద్ద చరణం. బహుశా ఆరోది కూడా ఉంటుంది. ఈ కేసెట్టు ఒక్కో వైపు అరగంట తిరుగుతుందని విద్య చెప్పింది. నేను గడియారం పెట్టి చూశాను, నిజమే.

ఈసారి చోటు లేదని ఎవరంటారో చూస్తాను.

సువార్తమ్మ